అత్యవసర గర్భనిరోధకం

అత్యవసర గర్భనిరోధకం అనగా గర్భనిరోధక సాధనం ఏదీ వాడకుండా సంభోగం జరిగినపుడు గాని, వాడిన సాధనం విఫలమైనపుడు గాని, ఆ తరువాత కొద్ది రోజులలో గర్భం రాకుండా వాడే మందు లేదా సాధనం. ఇందులో ప్రధానంగా రెండు రకాలున్నాయి. ఒకటి నోటి ద్వారా వేసుకొనే మాత్రలు, రెండవది గర్భాశయంలో అమర్చే కాపర్-టి వంటి రాగి సాధనాలు. భారతదేశంలో విరివిగా వాడుకలో ఉన్నది లెవోనోర్జెస్ట్రెల్ అనే హార్మోను మాత్ర.

ఈ మాత్రలు అండాశయం నుండి అండం విడుదల కావడాన్ని వాయిదా వేయడం ద్వారా పనిచేస్తాయి. అండం విడుదలైన తరువాత వీటి ప్రభావం దాదాపు ఉండదు. అందువలన ఎంత త్వరగా వేసుకుంటే అంత ప్రయోజనం ఉంటుంది. ఇప్పటికే ఏర్పడిన గర్భాన్ని ఇవి తొలగించవు, పిండానికి హాని చేయవు. గర్భస్రావ మాత్రలు వేరు, ఇవి వేరు. ఈ తేడా తెలియక ఒకదానికి బదులుగా మరొకటి వాడడం వలన స్త్రీల ఆరోగ్యానికి ముప్పు కలుగుతుంది.

పేరు

ఈ మాత్రలను ఆంగ్లంలో 'మార్నింగ్ ఆఫ్టర్ పిల్' అని కూడా అంటారు. అంటే 'మరునాటి ఉదయం వేసుకొనే మాత్ర' అని అర్థం. ఈ పేరు కొంత తప్పుదోవ పట్టిస్తుంది. మరునాటి ఉదయం వరకు వేచి ఉండవలసిన అవసరం లేదు. అలాగే మరునాడు దాటినంత మాత్రాన మందు పనికిరాకుండా పోదు. రకాన్ని బట్టి 3 నుండి 5 రోజుల వరకు వాడవచ్చు. ఈ కారణంగానే వైద్యులు 'అత్యవసర గర్భనిరోధకం' అన్న పేరునే వాడుతున్నారు. తెలుగునాట మందుల షాపులలో వీటిని '72 గంటల మాత్ర' అని గాని, కంపెనీ పేరుతో గాని అడగడం పరిపాటి.

గర్భం ఏర్పడే క్రమం

ఈ మందుల పనితీరు అర్థం కావాలంటే గర్భం ఏర్పడే క్రమం తెలియాలి. ప్రతి ఋతుచక్రంలోను అండాశయంలో ఒక అండం పక్వమవుతుంది. మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి నుండి ల్యూటినైజింగ్ హార్మోను ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో వెలువడుతుంది. ఆ ఉద్ధృతి మొదలైన సుమారు ఒకటిన్నర రోజులకు అండం విడుదలై ఫాలోపియన్ నాళంలోకి చేరుతుంది. 28 రోజుల ఋతుచక్రంలో ఇది ఇంచుమించు 14వ రోజున జరుగుతుంది కాని, స్త్రీని బట్టి, నెలను బట్టి మారుతూ ఉంటుంది.

విడుదలైన అండం 12 నుండి 24 గంటల వరకు మాత్రమే ఫలదీకరణకు అనువుగా ఉంటుంది. వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో 5 రోజుల వరకు జీవించి ఉండగలవు. కనుక సంభోగం జరిగిన వెంటనే గర్భం రాదు. చాలా సందర్భాలలో వీర్యకణాలు ముందుగా చేరి, అండం కొరకు వేచి ఉంటాయి. ఈ వ్యవధిలోనే అత్యవసర మాత్రలకు పనిచేసే అవకాశం దొరుకుతుంది. ఫలదీకరణ ఫాలోపియన్ నాళంలో జరుగుతుంది. ఫలదీకరణ చెందిన అండం విభజన చెందుతూ గర్భాశయంలోకి చేరి, అండం విడుదలైన 6 నుండి 10 రోజులకు గర్భాశయపు లోపలి పొరకు అంటుకుంటుంది. వైద్యశాస్త్రం ప్రకారం గర్భధారణ ఇక్కడి నుండే మొదలవుతుంది.

రకాలు

* లెవోనోర్జెస్ట్రెల్ మాత్ర: 1.5 మిల్లీగ్రాముల మాత్రను ఒకేసారి వేసుకోవాలి. 0.75 మి.గ్రా. మాత్రలైతే రెండూ ఒకేసారి గాని, 12 గంటల వ్యవధిలో ఒక్కొక్కటిగా గాని వేసుకోవచ్చు. 72 గంటలలోపు వాడడం మంచిది. 120 గంటల వరకు కొంత ప్రభావం ఉంటుంది కాని అది తగ్గుతూ పోతుంది.
* యులిప్రిస్టల్ అసిటేట్ మాత్ర: 30 మి.గ్రా. మాత్రను 120 గంటలలోపు ఒకసారి వేసుకోవాలి. ఐరోపా దేశాలలో 2009 నుండి, అమెరికాలో 2010 నుండి అనుమతి ఉంది.
* తక్కువ మోతాదు మిఫెప్రిస్టోన్: చైనా, వియత్నాం వంటి కొన్ని దేశాలలో 10 నుండి 25 మి.గ్రా. మోతాదులో వాడుతారు.
* యుజ్పే పద్ధతి: ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ హార్మోనులు రెండూ కలిసిన మాత్రలను 12 గంటల తేడాతో రెండుసార్లు వాడే పాత పద్ధతి. వాంతులు ఎక్కువ, ప్రభావం తక్కువ కావడంతో దీని వాడకం తగ్గిపోయింది.
* రాగి సాధనం: సంభోగం జరిగిన 5 రోజులలోపు శిక్షణ పొందిన వైద్యులు గాని, నర్సులు గాని గర్భాశయంలో అమర్చుతారు. అన్నింటిలోను ఎక్కువ ప్రభావం గలది ఇదే. తరువాత కొన్ని సంవత్సరాల పాటు మామూలు గర్భనిరోధకంగా కూడా పనిచేస్తుంది.

పనిచేసే విధానం

లెవోనోర్జెస్ట్రెల్ అనేది ప్రొజెస్టిరోన్ అనే సహజ హార్మోనును పోలిన కృత్రిమ హార్మోను. ల్యూటినైజింగ్ హార్మోను ఉద్ధృతి మొదలుకాక ముందు ఈ మాత్ర వేసుకుంటే ఆ ఉద్ధృతి ఆగిపోతుంది, లేదా ఆలస్యమవుతుంది. దానివలన అండం విడుదల కాదు. ఈలోగా వీర్యకణాల జీవితకాలం ముగిసిపోతుంది. ఉద్ధృతి మొదలైన తరువాత ఈ మాత్ర అండం విడుదలను ఆపలేదు.

ఈ విషయాన్ని చిలీ దేశంలో జరిగి 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనం స్పష్టంగా చూపించింది. అండం విడుదలకు ముందు రోజులలో మాత్ర వేసుకున్న 103 మంది స్త్రీలలో, మందు లేకపోతే 16 మందికి గర్భం రావచ్చునని లెక్క. వాస్తవానికి ఒక్కరికీ రాలేదు. అండం విడుదలైన రోజున గాని ఆ తరువాత గాని వేసుకున్న 45 మందిలో సుమారు 9 గర్భాలు అంచనా కాగా, 8 వచ్చాయి. అంటే అండం విడుదలైన తరువాత మాత్ర వేసుకున్నా, వేసుకోకపోయినా ఫలితం ఒకటే. ఈ మాత్ర ఫలదీకరణ చెందిన అండాన్ని గర్భాశయానికి అంటుకోకుండా చేస్తుందన్న పాత అభిప్రాయం సరికాదని కూడా దీనివలన తెలుస్తుంది. అలా చేసి ఉంటే రెండవ జట్టులో గర్భాల సంఖ్య తగ్గి ఉండేది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2022 డిసెంబరులో ఈ మందు పెట్టెలోని సమాచార పత్రాన్ని ఇందుకు అనుగుణంగా సవరించింది.

యులిప్రిస్టల్ ప్రొజెస్టిరోన్ గ్రాహకాలపై పనిచేస్తుంది. ల్యూటినైజింగ్ హార్మోను ఉద్ధృతి మొదలైన తరువాత కూడా, అది శిఖరానికి చేరక ముందు వేసుకుంటే అండం విడుదలను వాయిదా వేయగలదు. గర్భం వచ్చే అవకాశం ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ రోజులలోనే కాబట్టి లెవోనోర్జెస్ట్రెల్ కన్నా దీనికి కొంత ఆధిక్యం ఉంది.

రాగి సాధనం పనిచేసే తీరు వేరు. దాని నుండి వెలువడే రాగి అయాన్లు వీర్యకణాలకు, అండానికి విషతుల్యమై ఫలదీకరణ జరగకుండా చేస్తాయి. ఫలదీకరణ జరిగినా అండం గర్భాశయానికి అంటుకోకుండా కూడా ఇది అడ్డుకొనే అవకాశం ఉంది.

సామర్థ్యం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో వెలువరించిన పరీక్షలో 1,998 మంది స్త్రీలు పాల్గొన్నారు. లెవోనోర్జెస్ట్రెల్ వాడినవారిలో 1.1 శాతం మందికి, యుజ్పే పద్ధతి వాడినవారిలో 3.2 శాతం మందికి గర్భం వచ్చింది. లెవోనోర్జెస్ట్రెల్ 24 గంటలలోపు వాడితే రావలసిన గర్భాలలో 95 శాతం, 25-48 గంటల మధ్య 85 శాతం, 49-72 గంటల మధ్య 58 శాతం నివారించబడ్డాయి. ఒకే మోతాదుగా 1.5 మి.గ్రా. వేసుకున్నా, రెండుసార్లుగా వేసుకున్నా ఫలితం ఇంచుమించు సమానమని ఇదే సంస్థ 2002లో ప్రకటించిన మరో పరీక్షలో తేలింది.

తరువాతి పరిశోధనల ప్రకారం లెవోనోర్జెస్ట్రెల్ వాడినవారిలో 1.2 నుండి 2.1 శాతం మందికి, యులిప్రిస్టల్ వాడినవారిలో 1.2 శాతం మందికి గర్భం వచ్చింది. రాగి సాధనాలపై 35 సంవత్సరాలలో జరిగిన అధ్యయనాలను 2012లో సమీక్షించగా, ఈ సంఖ్య వెయ్యికి ఒకరి కన్నా తక్కువగా ఉన్నట్లు తేలింది.

శరీర బరువు ఎక్కువగా ఉన్న స్త్రీలలో మాత్రల ప్రభావం, ముఖ్యంగా లెవోనోర్జెస్ట్రెల్ ప్రభావం తగ్గవచ్చు. రాగి సాధనానికి బరువుతో సంబంధం లేదు. హాంకాంగ్‌లో జరిగి 2023లో ప్రచురితమైన ఒక పరీక్షలో లెవోనోర్జెస్ట్రెల్‌తో పాటు పైరాక్సికామ్ అనే నొప్పి నివారణ మందును కలిపి ఇచ్చినపుడు గర్భాల సంఖ్య ఇంకా తగ్గింది.

వాడే సందర్భాలు

* కండోమ్ చిరిగినపుడు లేదా జారిపోయినపుడు
* రోజూ వేసుకొనే గర్భనిరోధక మాత్రలను వరుసగా 3 లేదా అంతకు మించి మరచినపుడు
* గర్భనిరోధక ఇంజెక్షను తీసుకోవలసిన గడువు బాగా దాటిపోయినపుడు
* సంభోగంలో వీర్యస్ఖలనానికి ముందు విరమించే ప్రయత్నం విఫలమైనపుడు
* ఏ సాధనమూ వాడనపుడు
* అత్యాచారం జరిగినపుడు

దుష్ఫలితాలు

అత్యవసర మాత్రల దుష్ఫలితాలు సాధారణంగా స్వల్పమైనవి. ఒకటి రెండు రోజులలో వాటంతట అవే తగ్గిపోతాయి. పైన పేర్కొన్న 1998 నాటి పరీక్షలో లెవోనోర్జెస్ట్రెల్ వాడినవారిలో 23.1 శాతం మందికి వికారం, 5.6 శాతం మందికి వాంతులు కలిగాయి. యుజ్పే పద్ధతిలో ఇవి వరుసగా 50.5, 18.8 శాతం. సాధారణంగా కనిపించే లక్షణాలు ఇవి:

* వికారం, వాంతులు
* తలనొప్పి, తల తిరగడం
* నీరసం
* పొత్తికడుపులో నొప్పి
* రొమ్ముల సలపరం
* మధ్యమధ్య కొద్దిగా రక్తస్రావం

మాత్ర వేసుకున్న కొద్దిసేపటికే వాంతి అయితే మందు శరీరానికి పట్టకపోవచ్చు. లెవోనోర్జెస్ట్రెల్ వేసుకున్న 2 గంటలలోపు, యులిప్రిస్టల్ వేసుకున్న 3 గంటలలోపు వాంతి అయితే మరొక మోతాదు వేసుకోవాలి.

తరువాతి బహిష్టు కొన్ని రోజులు ముందుగా గాని, ఆలస్యంగా గాని రావచ్చు. అండం విడుదల వాయిదా పడడమే ఆలస్యానికి కారణం కనుక భయపడనవసరం లేదు. అయితే అనుకున్న తేదీ దాటి 7 రోజులైనా బహిష్టు రాకపోతే గర్భ నిర్ధారణ పరీక్ష చేయించుకోవాలి. మధ్యలో కనిపించే కొద్దిపాటి రక్తస్రావాన్ని బహిష్టుగా భావించి, గర్భం రాలేదని నిశ్చింతగా ఉండడం పొరపాటు. తరువాతి వారాలలో పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, ముఖ్యంగా ఒకవైపు నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం వంటివి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇవి గర్భాశయం వెలుపల, సాధారణంగా ఫాలోపియన్ నాళంలో, గర్భం నిలిచిందనడానికి సూచనలు కావచ్చు. ఈ స్థితి ప్రాణాపాయకరం.

రాగి సాధనం అమర్చేటపుడు నొప్పి, తరువాత కొన్ని నెలల పాటు బహిష్టులో ఎక్కువ రక్తస్రావం, కడుపు నొప్పి ఉండవచ్చు. సాధనం జారిపోవడం, అమర్చిన తొలి వారాలలో కటి భాగంలో ఇన్‌ఫెక్షను, చాలా అరుదుగా గర్భాశయానికి రంధ్రం పడడం జరగవచ్చు.

ఈ మాత్రల వలన సంతానసాఫల్యత దెబ్బతినదు. మాత్ర విఫలమై గర్భం కొనసాగినా పుట్టబోయే బిడ్డకు అవకరాలు కలుగుతాయనడానికి ఆధారాలు లేవు.

జాగ్రత్తలు

* క్షయ చికిత్సలో వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటోన్, హెచ్.ఐ.వి. చికిత్సలోని ఎఫావిరెంజ్ వంటి మందులు కాలేయంలో హార్మోనుల విచ్ఛిత్తిని పెంచి మాత్ర ప్రభావాన్ని తగ్గిస్తాయి. ఇటువంటి మందులు వాడుతున్నవారు ఆ సంగతి వైద్యులకు చెప్పాలి. వీరికి రాగి సాధనం మేలైనది.
* పాలిచ్చే తల్లులు లెవోనోర్జెస్ట్రెల్ వాడవచ్చు. యులిప్రిస్టల్ విషయంలో వైద్యుల సలహా తీసుకోవాలి.
* నోటి ద్వారా స్టీరాయిడ్ మందులు వాడవలసినంత తీవ్రమైన ఉబ్బసం ఉన్నవారు యులిప్రిస్టల్ వాడకూడదు.
* ఇప్పటికే గర్భం ఉన్నవారికి ఈ మాత్రల వలన ప్రయోజనం లేదు. గర్భం ఉన్నపుడు రాగి సాధనం అమర్చరాదు.
* మాత్ర వేసుకున్న తరువాత జరిగే సంభోగానికి అది రక్షణ కాదు. అండం విడుదల రద్దు కాక వాయిదా మాత్రమే పడి ఉండవచ్చు కనుక ఆ నెలలో తరువాతి రోజులలో గర్భం వచ్చే అవకాశం ఉంటుంది. కండోమ్ గాని వేరే పద్ధతి గాని పాటించాలి.
* లెవోనోర్జెస్ట్రెల్ తరువాత రోజువారీ గర్భనిరోధక మాత్రలు వెంటనే మొదలుపెట్టవచ్చు. యులిప్రిస్టల్ తరువాత 5 రోజులు ఆగాలి. లేకపోతే రెండు మందులు ఒకదాని ప్రభావాన్ని మరొకటి తగ్గిస్తాయి.
* ఈ మాత్రలు హెచ్.ఐ.వి., ఇతర సుఖవ్యాధుల నుండి రక్షణ ఇవ్వవు.

ఈ మాత్రలను పదేపదే వాడడం వలన ప్రాణాపాయం లేదు కాని ఋతుచక్రం అస్తవ్యస్తమవుతుంది. పైగా సంవత్సరం మొత్తం మీద చూస్తే రోజువారీ మాత్రలు, ఇంజెక్షను, కాపర్-టి వంటి క్రమబద్ధమైన పద్ధతుల కన్నా వీటి రక్షణ చాలా తక్కువ. తరచుగా వీటి అవసరం పడుతున్నదంటే మరొక పద్ధతి ఎంచుకోవాలని అర్థం.

గర్భస్రావ మాత్రలతో తేడా

మందుల షాపులలో దొరికే అత్యవసర మాత్రలకు, గర్భస్రావానికి వాడే మందులకు మధ్య ప్రజలలో తరచు గందరగోళం కనిపిస్తుంది. గర్భస్రావానికి ముందుగా 200 మి.గ్రా. మిఫెప్రిస్టోన్, ఆ తరువాత మిసోప్రోస్టాల్ వాడుతారు. ఇవి ఏర్పడిన గర్భాన్ని తొలగిస్తాయి. భారతదేశంలో 1971 నాటి వైద్య గర్భస్రావ చట్టం ప్రకారం అర్హత గల వైద్యుల ఆధ్వర్యంలోనే వీటిని వాడాలి. 2021 సవరణల తరువాత 9 వారాల లోపు గర్భానికి మందుల పద్ధతి అనుమతించబడింది.

ఈ రెండింటిని ఒకటిగా భావించడం వలన రెండు రకాల నష్టం ఉంది. బహిష్టు తప్పిన తరువాత అత్యవసర మాత్ర వేసుకొని గర్భం పోతుందని ఎదురుచూస్తే విలువైన సమయం గడిచిపోతుంది. గర్భస్రావ మాత్రలను అత్యవసర మాత్రలుగా భావించి వైద్య పర్యవేక్షణ లేకుండా వాడితే అధిక రక్తస్రావం, అసంపూర్ణ గర్భస్రావం జరిగే ప్రమాదం ఉంది. మరొకవైపు, ఇది గర్భస్రావమేనన్న అపోహతో అవసరమైనవారు కూడా మాత్ర వాడడానికి వెనుకాడి, చివరకు గర్భస్రావమే చేయించుకోవలసిన పరిస్థితి వస్తుంది.

చరిత్ర

1960వ దశకంలో అత్యాచార బాధితులకు అధిక మోతాదులో ఈస్ట్రోజెన్ మందులు ఇవ్వడంతో ఆధునిక అత్యవసర గర్భనిరోధకం మొదలయింది. వాంతులు విపరీతంగా ఉండడం ఆ పద్ధతికి పెద్ద లోపం. కెనడాకు చెందిన వైద్యుడు ఆల్బర్ట్ యుజ్పే 1974లో రెండు హార్మోనులను కలిపి తక్కువ మోతాదులో వాడే పద్ధతిని ప్రకటించాడు. 1976లో రాగి సాధనాన్ని ఈ అవసరానికి వాడవచ్చునని వెల్లడయింది. లెవోనోర్జెస్ట్రెల్ మాత్రను తొలుత హంగరీ దేశపు గెడియాన్ రిక్టర్ కంపెనీ 'పోస్టినార్' పేరుతో విక్రయించింది. 1998 నాటి పరీక్ష ఫలితాల తరువాత ఇది ప్రపంచమంతటా వ్యాపించింది. ఫ్రాన్సు 1999లో వైద్యుని చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించింది. అమెరికాలో 2006లో 18 సంవత్సరాలు నిండినవారికి చీటీ లేకుండా అమ్మడం మొదలై, 2013లో వయోపరిమితి తొలగిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో లెవోనోర్జెస్ట్రెల్ ఉంది.

భారతదేశంలో

లెవోనోర్జెస్ట్రెల్ అత్యవసర మాత్ర 2002-03లో జాతీయ కుటుంబ సంక్షేమ కార్యక్రమంలో చేరింది. 2005లో ప్రభుత్వం దీనికి వైద్యుని చీటీ అవసరం లేకుండా మినహాయింపు ఇచ్చింది. 2007లో సిప్లా కంపెనీ 'ఐ-పిల్' పేరుతో మాత్రను విడుదల చేసి టీవీలో విస్తృతంగా ప్రచారం చేయడంతో దీని గురించి సామాన్య ప్రజలకు తెలిసింది. 2010లో ఈ పేరును పిరమల్ కంపెనీ కొనుగోలు చేసింది. మ్యాన్‌కైండ్ కంపెనీ వారి 'అన్‌వాంటెడ్-72' కూడా బాగా అమ్ముడయ్యే మాత్ర. ఈ పేర్లలో ఏది కొన్నా లోపల ఉన్న మందు ఒకటే.

ప్రభుత్వ కార్యక్రమంలో ఈ మాత్రను 'ఈజీ పిల్' పేరుతో సరఫరా చేస్తున్నారు. దీనిని గ్రామాలకు చేర్చే పనిలో ఆశా కార్యకర్తలు ఉన్నారు. దుకాణానికి వెళ్ళి అడగడానికి సంకోచించే గ్రామీణ స్త్రీలకు ఇది ముఖ్యమైన మార్గం.

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2014లో లైంగిక హింస బాధితుల వైద్య సంరక్షణపై విడుదల చేసిన మార్గదర్శకాలలో అత్యవసర గర్భనిరోధకం కూడా ఉంది. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ బాధితులకు వెంటనే ఉచితంగా చికిత్స అందించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2023 లోని 397వ సెక్షను నిర్దేశిస్తుంది. హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందులు కూడా 72 గంటలలోపే మొదలుపెట్టవలసి ఉంటుంది కాబట్టి బాధితులను ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళడం అవసరం.

ఇవి కూడా చూడండి

* గర్భనిరోధక పద్ధతులు
* కుటుంబ నియంత్రణ
* ఋతుచక్రం
* కండోమ్
* గర్భస్రావం